హాటీ మెక్‌డానియెల్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బానిసత్వము 1865వ సంవత్సరమున రద్దయ్యెను. కాని నల్లజాతివారియెడల గల చిన్నచూపు దానితో అంతరింపలేదు. బడులలోను, బండ్లలోను, భోజనశాలలలోను వారిని వేరుగా నుంచు పద్ధతి అనేక ప్రాంతములలో పెక్కేండ్లు సాగెను. అట్టి కాలమున పుట్టి, చలనచిత్రరంగమున ఆస్కారు పురస్కారము నందుకొన్న తొలి నల్లజాతి వ్యక్తి హాటీ మెక్‌డానియెల్.

ఆమె 1890వ దశకమున కాన్సస్ రాష్ట్రములోని విచిటా పట్టణమున జన్మించెను. తండ్రి హెన్రీ బానిసగా పుట్టి, అంతర్యుద్ధములో ఉత్తర రాష్ట్రముల పక్షమున పోరాడినవాడు. ఆయన 13 మంది సంతానములో హాటీయే కడగొట్టు బిడ్డ. తరువాత ఆ కుటుంబము కొలరాడోలోని డెన్వరు నగరమునకు తరలిపోయెను. చిన్ననాటనే పాటయందును, అభినయమునందును ఆసక్తి గలిగిన హాటీ, చదువు చాలించి సంచార బృందములతో ఊరూర ప్రదర్శనము లిచ్చెను.

1929వ సంవత్సరమున అమెరికాలో ఆర్థిక సంక్షోభము సంభవించుటతో ఆమెకు జీవనాధారము పోయెను. మిల్వాకీ నగరమున ఒక విలాసశాలలో స్నానపుగదుల పరిచారికగా కుదిరెను. యజమాని మొదట సంకోచించినను, తుదకు ఆమె పాడుట కనుమతించెను. ఆ కంఠమునకు శ్రోతలు ముగ్ధులైరి. నాటినుండి ఆమె అచ్చట గాయని యయ్యెను.

1931వ సంవత్సరమున ఆమె లాస్ ఏంజిలిస్ చేరి సినిమాలలో ప్రవేశించెను. వేషములు దొరకనప్పుడు పరుల యిండ్లలో పని చేసెను. 1939వ సంవత్సరమున వెలువడిన ‘గాన్ విత్ ది విండ్’ చిత్రములో మామీ యను దాసి పాత్రకు ప్రాణము పోసెను. కాని అట్లాంటా నగరమున ఆ చిత్రపు తొలి ప్రదర్శనమునకు నల్లజాతి నటులకు ప్రవేశము లేకపోయెను.

1940వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన ఆమెకు ఉత్తమ సహాయనటిగా ఆస్కారు లభించెను. సభ జరిగిన హోటలులో నల్లవారికి ప్రవేశము నిషిద్ధము. చిత్రనిర్మాత పూనికవలన ఆమెను రానిచ్చిరి గాని, తోడి నటులకు దూరముగా గోడచెంత వేరొక బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. ఆ బల్ల నుండియే లేచి వచ్చి ఆమె పురస్కారఫలకమును స్వీకరించెను.

సేవకురాలి పాత్రలే ధరించుచున్నదని స్వజాతివారిలో కొందరామెను నిందించిరి. ఆ పాత్రలు తప్ప నల్లవారికి నాడు వేరు పాత్రలు దక్కుట అరుదు. అయినను, హక్కులకై పోరాడుటలో ఆమె వెనుదీయలేదు. లాస్ ఏంజిలిస్‌లో ఆమె నివసించు పేటలోని యిండ్లను నల్లవారికి అమ్మరాదను పాత ఒడంబడికలను చూపి, పొరుగు తెల్లవారు న్యాయస్థానము కెక్కిరి. హాటీ తక్కిన నల్లజాతి గృహస్థులతో కలిసి వారి నెదిరించెను. 1945వ సంవత్సరమున తీర్పు వీరికి అనుకూలముగా వచ్చెను.

1952వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన ఆమె క్యాన్సరు వ్యాధితో మరణించెను. హాలీవుడ్ శ్మశానవాటికలో తన్ను ఖననము చేయవలెనని ఆమె కోరినను, నల్లజాతి స్త్రీ యగుటచే అచ్చట చోటీయలేదు. 1999వ సంవత్సరమున అదే వాటికలో ఆమెకు స్మారకశిల నెలకొల్పిరి. హోవర్డు విశ్వవిద్యాలయమునకు ఆమె యొసగిన పురస్కారఫలకము కాలక్రమమున కానరాకుండ పోగా, 2023వ సంవత్సరమున అకాడమీవారు దాని స్థానమున మరియొకటి సమర్పించిరి. బ్రదికియుండగా లోకము నిరాకరించిన గౌరవము, ఆమె కన్నుమూసిన పిదప ఒక్కొక్కటిగా ఆమెను వెదకికొని వచ్చెను.