గెయిటీ సినిమాశాల కట్టించిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో సినిమాశాల కట్టించినవారి కథ యేల యని పెద్దలు కొందఱు ప్రశ్నింపవచ్చును. అక్షరము రానివానికి సైతము దేశాంతరములను కన్నులయెదుట నిలిపిన సాధనము సినిమా. దానిని మోసికొని తెలుగునాట ఊరూరు తిరిగిన తొలివారిలో ముఖ్యులు బందరువారైన రఘుపతి వెంకయ్య నాయుడుగారు. వారి చరిత్రకు ఇచ్చట రెండు పుటలు కేటాయించుట అనుచితము కాదని నా తలంపు.

నాయుడుగారు 1869వ సంవత్సరమున మచిలీపట్టణమున జన్మించిరి. చిన్ననాటినుండియు వారికి చిత్రలేఖనమునందు మక్కువ మెండు. యౌవనమున మద్రాసు చేరి, కొంతకాలమునకు మౌంటురోడ్డులో ఫోటో స్టూడియో నెలకొల్పిరి. ఆ దినములలో ఫోటో తీయించుకొనుట కలిగినవారి ముచ్చట. పనితనము గల ఛాయాగ్రాహకునకు నగరములో గౌరవమును, ఆదాయమును రెండును లభించుచుండెను. వారు అంతటితో తృప్తిపడి యుండినచో సుఖముగా కాలము గడపి యుందురు. మనకు మాత్రము వారి పేరు తెలిసి యుండదు.

1910 ప్రాంతమున క్రోనోమెగాఫోన్ అను యంత్రము వారి దృష్టిని ఆకర్షించెను. ఇది ఫ్రాన్సు దేశమున గోమాంట్ కంపెనీవారు నిర్మించినది. ఒకవైపు ప్రొజెక్టరు, వేఱొకవైపు గ్రామఫోను పళ్లెము. రెండును సరిసమానముగా తిరిగినప్పుడు తెరమీది మనిషి పెదవి కదలికకు పాట కలిసెడిది. సభ యంతటికి వినిపించుటకై ఒత్తిడి పెట్టిన గాలి సాయముతో శబ్దమును పెంచెడివారు. ఒక్కొక్క చిత్రము కొద్ది నిమిషములే. పళ్లెము ఏమాత్రము వెనుకబడినను పాట ఒకచోట, పెదవి ఒకచోట! ఇట్టి యంత్రమునకై నాయుడుగారు తమ స్టూడియోను తాకట్టుపెట్టి ముప్పది వేల రూపాయలు వెచ్చించిరని సినిమా చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. ఆ కాలమున అది ఎంత సొమ్మో చదువరులే ఊహించుకొనవలెను. నలువదేండ్లు దాటిన గృహస్థు, చేతిలోని వృత్తిని పణముగా ఒడ్డి, ఇంకను ఎవరికిని లాభము చూపని వ్యాపారమునకు దిగుట సామాన్యమైన తెగింపు కాదు.

మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చిన పిమ్మట వారు యంత్రముతో దేశాటనమునకు బయలుదేరిరి. ఆంధ్రదేశపు పట్టణములును, బెంగుళూరును, సింహళమును, బర్మాయును చుట్టి వచ్చిరి. రంగూనులో బ్రతుకుతెరువుకై పోయిన తెలుగువారు వేలకొలది యుండిరి గదా! ఆనాటి సంచార ప్రదర్శకునకు గుడారము, బల్లలు, తెర, దీపపు సరంజామా సమస్తమును తనతోనే యుండవలెను. గాలి వీచినను, వాన కురిసినను ఆనాటి ఆదాయము సున్న. మద్రాసు ఎస్ప్లనేడులోను వారు గుడారము వేసి కొంతకాలము చిత్రములు చూపించిరి.

గుడారమునకు గోడలు కావలెనను కోరిక అట్లు పుట్టినదే. అప్పటికి మద్రాసులో సినిమాశాలలు తెల్లవారివి. వార్విక్ మేజరను దొరగారి ఎలక్ట్రిక్ థియేటరు 1913లో మౌంటురోడ్డున వెలసెను. ఆ చేరువనే 1914 ప్రాంతమున నాయుడుగారు గెయిటీ సినిమాశాలను కట్టించిరి. ఆ నగరమున భారతీయుని సొంతమైన మొదటి సినిమాశాల ఇదియే. తరువాత మింటు వీథిలో క్రౌను, పురశవాకమున గ్లోబు నిర్మించిరి. వారిని చిత్రనిర్మాతగా కొనియాడువారే హెచ్చు కాని, నా యభిప్రాయమున ఈ మూడు శాలలే వారి అసలైన కృషి. బెజవాడలో మారుతీ సినిమాశాల 1921లోగాని వెలయలేదన్నచో వారు ఎంత ముందుండిరో తెలియగలదు.

తెరపై ఆడునవి విదేశపు మూగచిత్రములు. మన కథలు మనమే ఏల తీయరాదని నాయుడుగారు తమ కుమారుడు ప్రకాశ్‌గారిని విద్య నేర్చుకొనుటకై సీమకు పంపిరి. కుమారుడు తిరిగి వచ్చిన పిమ్మట స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను సంస్థ ఏర్పడినది. ఎండ వెలుతురు లోనికి ప్రసరించునట్లు అద్దాలతో స్టూడియో కట్టిరి. 1921లో భీష్మ ప్రతిజ్ఞ తయారయ్యెను. భీష్ముడుగా ప్రకాశ్‌గారే నటించిరి. గంగ పాత్రను ఒక ఆంగ్లవనిత ధరించినది. మన స్త్రీలు తెరపై కనబడుటకు వెనుదీయు కాలమది. కాకినాడ వాసి సి. పుల్లయ్యగారు ఈ తండ్రికొడుకుల వద్దనే తొలిపాఠములు నేర్చి, 1934లో లవకుశ తీసిరి.

పేరు వచ్చినది, డబ్బు నిలువలేదు. చిత్రనిర్మాణము అప్పులను పెంచినది. సినిమాశాలలు సంపాదించినది స్టూడియో మ్రింగెను. కడకు ఆ శాలలును నాయుడుగారి చేయి దాటిపోయినవి. బిడ్డ ముచ్చటకై తండ్రి ఆస్తి కరగిపోయెనని లోకము అనుట సులభము; ఆ ముచ్చట తండ్రిదే యని నేననుకొందును. 1932లో తెలుగున మొదటి టాకీ భక్త ప్రహ్లాద విడుదలయ్యెను. ఇరువదియేండ్లకు ముందే తెరను, పాటను ఒక్కటి చేయుటకై సర్వమును ఒడ్డిన వ్యక్తి అప్పటికి అరువదేండ్లు దాటిన వృద్ధుడు. వారు 1941 మార్చి 15వ తేదీన పరమపదించిరి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు తెలుగు సినిమాకు జీవితమంతయు సేవచేసినవారిని గౌరవించుటకై వారి పేర ఒక పురస్కారమును నెలకొల్పిరి. 1980లో దానిని మొట్టమొదట అందుకొన్నవారు ఎల్. వి. ప్రసాదుగారు. గెయిటీ మాత్రము నిలువలేదు. తొంబదేండ్లకు పైబడిన ఆ శాల ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో మూతపడి, తరువాత నేలమట్టమైనది. దానికి చేరువనున్న దొరగారి ఎలక్ట్రిక్ థియేటరు రెండేండ్లు మాత్రమే ఆడి 1915లో మూతపడినదైనను, తపాలాశాఖవారి చేతిలో పడి, తపాలాబిళ్లలు అమ్ము కార్యాలయముగా మిగిలినది.