చెరువు దానమిచ్చిన బోధిశ్రీ

నందికొండ : సాగర్ జలాశయం అడుగున మునిగి ఉన్న విజయపురి లోయలో క్రీ.శ. 3వ శతాబ్దంలో పేరుపొందిన దాతలలో రాచ స్త్రీలు ఎక్కువ. వీరపురుషదత్తుని మేనత్త శాంతిశ్రీ మహాచైత్యాన్ని నిలబెట్టింది. వారి సరసన చెప్పుకోదగిన గృహిణి ఉపాసిక బోధిశ్రీ.

ఆమెది గోవగామం. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో శ్రీపర్వతం చిన్న ధర్మగిరిపై చైత్యగృహం కట్టించి సింహళ థేరులకు అర్పించింది. అక్కడితో ఆగలేదు. కులహ విహారంలో మరో చైత్యగృహం, సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, దేవగిరిపై ధ్యానశాల, కంటకశైలంలో (నేటి ఘంటసాల) రాతి మండపం, పాపిలలో 7 గదులు కట్టించింది. ఈ పుణ్యంలో భర్తవైపు వారికీ, పుట్టింటి వారికీ భాగమిచ్చి, రేషన్ కార్డులో ఎక్కించినట్లు పేరుపేరునా చెక్కించింది. పని చూసినది చంద్రముఖ, ధర్మనంది, నాగ అనే ముగ్గురు థేరులు. రాతిపని విధికుడిది.

ఈ పద్దులో చదువరులు తేలికగా దాటిపోయే దానం ఒకటుంది. పూర్వశైలంలో ఆమె ఒక చెరువు ఇచ్చింది. సప్తసంతానాల్లో చెరువును లెక్కవేసే మన పల్లెలకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. బౌద్ధ భిక్షువులకైతే నీటి కట్టుబాట్లు మరీ గట్టివి. గుడ్డతో వడగట్టనిదే నీరు తాగరాదు. నీటిలో ఉమ్మరాదు, మలమూత్రాలు విడవరాదు. కోనేటికి ఇటుకతోగాని రాతితోగాని గట్లు కట్టి, మెట్లు పెట్టుకోవచ్చు. నిలవనీరు పాతబడుతున్నదని తెలిసి, కొత్తనీరు రావడానికి కాలువ, పాతనీరు పోవడానికి తూము పెట్టుకొమ్మని వినయపిటకం చెబుతుంది. ఈత కొలనుల్లో నీరు మార్చే నేటి పద్ధతికి ఇదే తాత అనాలి.

బోధిశ్రీ పేరు శతాబ్దాల తరబడి మట్టిలోనే ఉండిపోయింది. 1926లో శిథిలాలు బయటపడ్డాక డచ్చి పండితుడు వోగెల్ శాసనాలు చదివి ప్రకటించాడు. 1954 నుంచి 1960 వరకు పెద్దఎత్తున తవ్వకాలు జరిగాయి. 1955లో పునాదిరాయి పడిన ఆనకట్ట నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. అప్పటికే లోయ మునిగింది.

ఆ నీరే నేడు అక్కంపల్లి మీదుగా ఫ్లోరిన్ పీడిత నల్లగొండ పల్లెలకు, హైదరాబాదుకు తాగునీరవుతున్నది. అయినా జలాశయంలో స్నానాలకు దిగేవారు సబ్బు ముక్కలు, విడిచిన బట్టలు అక్కడే వదిలిపోతుంటారు. తాగేవారు కిందనున్నారన్న ఆలోచన ఉండదు.

పాత విజయపురి నదీతీరపు స్నానఘట్టం రాళ్ళను విప్పి తెచ్చి, నాగార్జునకొండ మీద తిరిగి పేర్చారు. లాంచీ దిగి నడిస్తే ఆ మెట్లను చూడవచ్చు.