ఎవరూ కొనని గిటార్, దాన్ని చేసిన లియో ఫెండర్

మన ఫెస్ట్‌లో స్టేజి మీద ఎలక్ట్రిక్ గిటార్ చూడని వాళ్ళు ఉండరు. రెండు కొమ్ములు ఉన్నట్టు కనిపించే ఆ షేప్ పేరు స్ట్రాటోకాస్టర్. మనం చూసేవి చాలావరకు దానికి కాపీలే. దాన్ని తయారుచేసిన లియో ఫెండర్‌కి అసలు గిటార్ వాయించడమే రాదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. స్ట్రాటోకాస్టర్ కంటే పై మెట్టు మీద పెట్టి, ఎక్కువ రేటుకి ఆయన ఇంకో గిటార్ తెచ్చాడు. అది చాలా ఏళ్ళు సెకండ్ హ్యాండ్ షాపుల్లో అడిగేవాళ్ళు లేక పడి ఉంది. ఈ వ్యాసం ఆ మనిషి గురించి, ఆ గిటార్ గురించి.

లియో 1909 ఆగస్టు 10న అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊరి దగ్గర పుట్టాడు. వాళ్ళ అమ్మానాన్నలది నారింజ తోట. మాది కణేకల్ కదా, ఈ సంగతి చదవగానే మా వైపు చీనీ తోటలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడే గడ్డ రావడంతో లియోకి ఒక కన్ను తీసేసి గాజు కన్ను పెట్టారు. టీనేజ్‌లో ఉండగా, బంధువు ఒకాయన పాత సామాన్లతో కట్టిన రేడియో చూశాడు. ఇక అదే పిచ్చి. కాలేజీలో చదివింది మాత్రం అకౌంటింగ్. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ లేదు, అంతా సొంతంగా నేర్చుకున్నదే.

1930ల ఆర్థిక మాంద్యంలో అకౌంటెంట్ ఉద్యోగం పోయింది. 1938లో 600 డాలర్లు అప్పు చేసి, ఫుల్లర్టన్‌లో రేడియో రిపేర్ షాప్ పెట్టాడు. ఊళ్ళో పాటగాళ్ళు, బ్యాండ్ వాళ్ళు పాడైపోయిన ఆంప్లిఫయర్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. వాటిని బాగుచేస్తూ ఏ పార్ట్ ఎక్కడ ఫెయిల్ అవుతుందో గమనించాడు. కొన్నాళ్ళకి తనే ఆంప్లిఫయర్లు, ఒళ్ళో పెట్టుకుని వాయించే హవాయియన్ గిటార్లు చేయడం మొదలుపెట్టాడు.

ఎలక్ట్రిక్ గిటార్‌లో అసలు సంగతి పికప్. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ వేల చుట్లు చుడతారు. పైన స్టీల్ తీగ కదిలితే కాయిల్‌లో చిన్న కరెంట్ పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. మా ఊళ్ళలో బోరు మోటార్ కాలిపోతే వైండింగ్ షాప్‌కి తీసుకెళ్తాం చూడండి, అక్కడ చుట్టేదీ రాగి తీగే. సైజు వేరు, సైన్స్ ఒకటే.

1950లో లియో తెచ్చిన గిటార్‌కి ముందు బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. దాదాపు అదే పేరుతో గ్రెట్ష్ కంపెనీ డ్రమ్స్ అమ్ముతోంది. వాళ్ళు అభ్యంతరం చెప్పడంతో 1951లో టెలికాస్టర్‌గా మార్చారు. ఒక చెక్క దిమ్మ, దానికి నాలుగు స్క్రూలతో బిగించిన మెడ, అంతే. మెడ పాడైతే విప్పి వేరేది వేసుకోవచ్చు. ఇది పక్కా రిపేర్ షాప్ ఆలోచన. అదే ఏడాది ప్రెసిషన్ బాస్, 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చాయి.

ఇక మన కథలో గిటార్, 1958 నాటి జాజ్‌మాస్టర్. కూర్చుని వాయించేవాళ్ళకి వీలుగా ఉండాలని బాడీని ఏటవాలుగా కోశారు. పికప్‌లు వెడల్పుగా ఉంటాయి, సౌండ్ మెత్తగా వస్తుంది. ఒక్క స్విచ్‌తో రెండు వేరువేరు సర్క్యూట్లు. జాజ్ వాళ్ళు కొంటారని లియో లెక్క. కానీ వాళ్ళు తమ పాత బోలు గిటార్లు వదల్లేదు. కాలిఫోర్నియా బీచ్‌ల దగ్గర సర్ఫ్ మ్యూజిక్ వాయించే కుర్రాళ్ళు కొన్నారు. ఆ ఫ్యాషన్ కూడా కొన్నేళ్ళకే పోయింది. తర్వాత జిమీ హెండ్రిక్స్ చేతిలో స్ట్రాటోకాస్టర్ చూసి అందరూ అటే పోయారు. పైగా లావు తీగల కోసం చేసిన జాజ్‌మాస్టర్ బ్రిడ్జి మీద సన్న తీగలు వేసి గట్టిగా కొడితే తీగ పక్కకి జారేది. 1962లో వచ్చిన జాగ్వార్‌కీ ఇదే గతి. 1980 నాటికి రెండూ ఆగిపోయాయి.

ఈ లోపు లియో తన జీవితంలో పెద్ద అమ్మకం చేసేశాడు. 1960ల మొదట్లో ఆయన్ని ఒక ఇన్ఫెక్షన్ పట్టుకుని వదల్లేదు. ఇక ఎక్కువ కాలం బతకననుకుని కంపెనీని అమ్మకానికి పెట్టాడు. 1965 జనవరిలో సీబీఎస్ 1 కోటి 30 లక్షల డాలర్లకి కొన్నది. తర్వాత వేరే డాక్టర్ దగ్గర జబ్బు నయమైపోయింది. మనిషి బాగున్నాడు, కంపెనీ చేతిలో లేదు. సీబీఎస్ కాలంలో క్వాలిటీ పడిపోయిందని వాయించేవాళ్ళలో పేరు పడింది. అందుకే 1965కి ముందు గిటార్లంటే ఇప్పటికీ అంత గిరాకీ. మా వైపు బోరు ఎండిన ఏడాది తోట అమ్ముకున్నవాడు, మరుసటి ఏడాది వానలు పడితే గట్టు మీద నిలబడి చూసినట్టు ఉంటుంది ఇది. కాకపోతే లియో చూస్తూ నిలబడలేదు. మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీకి గిటార్లు చేశాడు. తర్వాత పాత స్నేహితుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ మొదలుపెట్టాడు. పార్కిన్సన్స్ వచ్చినా వర్క్‌షాప్ మానలేదు. 1991 మార్చి 21న, 81 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

మరి జాజ్‌మాస్టర్ ఏమైంది? ఫ్యాషన్ పోయింది కాబట్టి తాకట్టు షాపుల్లో చవగ్గా దొరికేది. స్ట్రాటోకాస్టర్ కొనే డబ్బు లేని కుర్రాళ్ళు దాన్నే కొన్నారు. 1977లో ఎల్విస్ కాస్టెల్లో మొదటి ఆల్బమ్ కవర్ మీద ఉన్నది అదే. సోనిక్ యూత్ బ్యాండ్ దాంతో ఎవరూ వినని శబ్దాలు తీసింది. లియో పోయిన ఆరు నెలలకి నిర్వాణా ఆల్బమ్ నెవర్‌మైండ్ వచ్చింది. ఆ రోజుల్లో కర్ట్ కొబెయిన్ స్టేజి మీద పట్టుకున్నది 1965 నాటి పాత జాగ్వార్. ఆ తర్వాత రేట్లు పెరిగాయి. కంపెనీయే ఈ మోడల్స్ మళ్ళీ చేస్తోంది. 1958 నాటి జాజ్‌మాస్టర్ ఇప్పుడు మన డబ్బుల్లో లక్షలు పలుకుతుంది. బ్రిడ్జి అదే, సర్క్యూట్ అదే, వాయించే చేతులే మారాయి.

అమ్మేవాళ్ళకి ఇందులో ఒక పాఠం ఉంది. పాత ఫెండర్‌కి కొత్త రంగు వేస్తే, ఒరిజినల్ పికప్ పీకేసి మెరుగైనది పెడితే, ధర పెరగకపోగా బాగా పడిపోతుంది. తెలిసినవాళ్ళు ముందు నాలుగు స్క్రూలు విప్పి, మెడ చివర వేసిన తేదీ చూస్తారు. మన ఇళ్ళలో జాజ్‌మాస్టర్ ఉండకపోవచ్చు. తాతగారి హార్మోనియమో, దుమ్ము పట్టిన వీణో ఉండొచ్చు. పాతసామాన్ల వాడు చెప్పిన రేటుకి సరే అనే ముందు, దాన్ని వాయించడం తెలిసిన ఒక్కరికైనా చూపించండి.