నిలువనీడలేనివారి బంధువు: విలియం బూత్

ఇల్లు లేని మనుజునకు రాత్రికంటె పగలే యెక్కువ కష్టమైనది. రాత్రివేళ ఏ యరుగుమీదనో, ఏ వంతెనక్రిందనో ఒడలు ముడుచుకొని ఎట్లో గడపవచ్చును. తెల్లవారిన పిమ్మట అతడు ఎచ్చటికి పోవలెను? మాసిన బట్టలను ఎచ్చట ఉతుకుకొనవలెను? పని యిచ్చువారు నివాసస్థల మెచ్చటనని యడిగినచో ఏమని చెప్పవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకి, దానిని గ్రంథమునందే గాక వీధులలో గూడ నిలిపి చూపినవారిలో విలియం బూత్ ముఖ్యుడు. రక్షణసైన్యమును స్థాపించిన సేనానిగా లోక మాయన నెరుగును. కాని ఆయన బీదలకు పెట్టిన కూటికంటె వారికి చూపిన త్రోవయే గొప్పదని ఆయన చరిత్రము చదివినవారికి తోపకమానదు.

బూత్ 1829 వ సంవత్సరము ఏప్రిల్ 10 వ తేదీని ఇంగ్లండు దేశమందలి నాటింగ్‌హామ్ పట్టణమునకు చేరిన స్నీంటన్ అను పేటలో జన్మించెను. తండ్రి సామ్యూల్ బూత్ కొంతకాలము ధనవంతుడుగా నుండెను గాని, వ్యాపారములలో నష్టములపాలై కడపట సర్వమును గోల్పోయెను. 1842 లో, పదుమూడేండ్ల వయసున, విలియమును చదువు మాన్పించి యొక తాకట్టు దుకాణమున పని నేర్చుకొనుటకు పంపిరి. ఆ సంవత్సరమే తండ్రి మరణించెను. తల్లి మేరీ ఒక చిన్న యంగడి పెట్టుకొని పిల్లలను పోషించుకొనవలసివచ్చెను.

పుస్తకములు విడిచిన బాలునకు ఆ తాకట్టు దుకాణమే పాఠశాల యయ్యెను. అట్టి దుకాణములకు ఆ దినములలో వడ్రంగి తన రంపమును, దర్జీ తన కత్తెరను, ఇల్లాలు తన పెండ్లియుంగరమును తెచ్చి కుదువబెట్టుచుండిరి. పనిముట్టును కుదువబెట్టినవాడు మరునాడు దేనితో పనిచేయును? పని చేయనివాడు దాని నెట్లు విడిపించుకొనును? మనుజుడు ఒక్కసారిగా వీధిలో పడడు. మెట్టుతరువాత మెట్టు దిగి పడును. ఈ సంగతి బూత్ చిన్ననాడే కన్నులార చూచెను. పడినవానిని లేవనెత్తుటకు గూడ మెట్లు కావలెనని ఆయన పిదపకాలమున చేసిన యేర్పాటులన్నియు తెలుపుచున్నవి.

పదునైదేండ్ల ప్రాయమున, 1844 లో, ఆయన దైవసేవకు తన్ను తాను సమర్పించుకొనెను. పని ముగిసిన తరువాత రాత్రులందు బీదల వీధులకు పోయి బోధించుచుండెను. ఒక ఆదివారమున చినిగిన బట్టలు కట్టుకొన్న కొందరు పిల్లలను వెంటబెట్టుకొని దేవాలయపు ముందుద్వారమున లోనికి తీసికొనిపోయి మంచి పీటలపై కూర్చుండబెట్టెననియు, ఇకమీదట అట్టివారిని వెనుకద్వారమున తీసికొనిరావలెనని పెద్దలు మందలించిరనియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. బీదవానికి ముందుద్వారము తెరచుటయే అనంతరము ఆయన జీవితకార్యమయ్యెను.

1849 లో ఆయన జీవనోపాధికై లండను నగరము చేరెను. అచ్చటను మొదట దొరకినది తాకట్టు దుకాణపు కొలువే. 1855 లో కాథరిన్ మమ్‌ఫర్డ్ అను విదుషీమణిని వివాహమాడెను. ఆమె ఎనమండుగురు బిడ్డలను పెంచుచు, తానును సభలలో బోధించుచు, భర్తకు సమస్త విషయములందును కుడిభుజమై యుండెను. 1865 లో ఈ దంపతులు లండను తూర్పుభాగమందలి వైట్‌చాపెల్ పేటలో సేవ మొదలుపెట్టిరి. చిన్న సంఘముగా మొదలైన ఆ మిషను 1878 లో రక్షణసైన్య మను పేరు ధరించెను. నాటినుండి బూత్ దానికి సేనాని యయ్యెను.

బీదల యాకలి తీర్చుటకు ఆయన చేసిన తొలిప్రయత్నము ఫలింపలేదు. 1870 ప్రాంతమున చౌకధరలకు భోజనము పెట్టు అంగళ్లను తెరచెను గాని అవి గిట్టుబాటు కాక 1874 లో మూతపడెను. ఐనను ఆ తలంపు ఆయనను విడువలేదు. 1883 లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఆయన సైనికులు చెరసాలనుండి విడుదలయైనవారికి ఒక గృహము నేర్పరచిరి. 1885 లో లండనునందు, ఇల్లు విడిచి కానరాకుండ పోయినవారిని వెదకి బంధువులకు తెలుపు కార్యాలయము నొకదానిని నెలకొల్పిరి.

1887 వ సంవత్సరాంతమున ఒకనాటి రాత్రి బూత్ ప్రయాణము ముగించుకొని లండను వంతెనమీదుగా ఇంటికి పోవుచుండెను. ఆ చలిలో వంతెన గోడల మూలలయందు మనుష్యులు పాతకాగితములు కప్పుకొని పండుకొనియుండుట ఆయనకంట బడెను. మరునాటి ఉదయమే పెద్దకుమారుడగు బ్రామ్‌వెల్‌ను పిలిచి, వీరి కేదైన చేయవలసినదని గట్టిగా ఆజ్ఞాపించెను. 1888 ఆరంభమున లైమ్‌హౌస్ పేటలో, ఓడరేవుల చేరువ, మొదటి భోజనాశ్రయశాల తెరవబడెను.

ఆనాడు ఇంగ్లండులో దిక్కులేనివారికి ప్రభుత్వపు బీదలశాలలు లేకపోలేదు. వానిలో దిమ్మరులకు ప్రత్యేకముగా గదులుండెను. కాని 1882 నాటి చట్టము ననుసరించి, అట్టి గదిలో ఒక రాత్రి తలదాచుకొన్నవాడు మరునాడెల్ల రాళ్లు కొట్టియో, పాతత్రాళ్ల పీచు విప్పియో గడపి, రెండవరాత్రియు అచ్చటనే యుండి, ఆ మరునాడు 9 గంటలకు గాని వెలుపలికి రాగూడదు. రేవులలో కూలీలను పిలుచుట యన్ననో తెల్లవారుజాముననే ముగియుచుండెను. పడకకోసము పోయినవానికి పని దొరకదు. పనికోసము వెలుపలనే యున్నవానికి పడక దొరకదు. ఆరుబయట పండుకొనుట 1824 నాటి చట్టముచే నేరముగూడ నయ్యెను. ఇట్లు సహాయమే సంకెలగా మారియుండుటను బూత్ గ్రహించెను.

ఆయన శాలలలోని పద్ధతి వేరు. నాలుగు పెన్నీలు చెల్లించినవానికి రాత్రి భోజనము, పడక, ఉదయపు ఫలాహారము దొరకుచుండెను. పడక యనగా పొడవైన కొయ్యపెట్టెవంటిది. దానిలో నొక పరుపు, పైన కప్పుకొనుటకు తోలుదుప్పటి. అది సుఖమైన శయ్య కాదు, శుభ్రమైన శయ్య. ముఖము కడుగుకొనుటకు నీరు, చలి కాచుకొనుటకు మంట యుండెను. చేతిలో చిల్లిగవ్వయైన లేనివానిని గూడ వెళ్లగొట్టలేదు. అతనికి పని చూపిరి. 1890 లో వైట్‌చాపెల్ పేటలో ఇందుకొరకే యొక కర్మశాల తెరువబడెను. అచ్చట పగలెల్ల కొందరు కట్టెలు చీల్చుచు, కొందరు చాపలల్లుచు, కొందరు వడ్రంగము చేయుచు తమ కూడును తామే సంపాదించుకొనుచుండిరి. త్రాగివచ్చుట తగదనియు, చెప్పినపని చేయవలెననియు నియమములుండెను. అదే సంవత్సరమున పనివారికిని యజమానులకును మధ్యవర్తిగా నుండు పనుల కార్యాలయ మొకటి యేర్పడెను.

ఈ యేర్పాటులోని మర్మమును విచారింతము. వీధిలోని మనుజునకు పోయినది ఇల్లు మాత్రమే కాదు. దినమునకు ఒక క్రమము, పనికి ఒక నైపుణ్యము, తన్ను పేరుపెట్టి పిలుచు నొక మనుష్యుడు, తన్నుగూర్చి మంచిమాట చెప్పు నొక సాక్షి, ఇవన్నియు పోయినవి. కర్మశాలలో నిర్ణీతకాలమునకు లేచుట, పనిచేయుట అలవడెను. కొన్ని వారములు ఒకనిని చూచిన యధికారి అతడు నమ్మదగినవాడని యజమానునకు చెప్పగలిగెను. వెదకు కార్యాలయము మూలమున కొందరికి తల్లియో, తోబుట్టువో మరల లభించిరి. ఇట్లు ఒక్కొక్క మెట్టు చేతికందెను. అందరును లేచి నిలువలేదు. కొందరు మరల వీధికే పోయిరి. కాని మరల వచ్చినవానికిని తలుపు మూయబడకుండుటయే ఆ శాలల గొప్పతనము.

1890 అక్టోబరు 4 వ తేదీని కాథరిన్ దీర్ఘవ్యాధిచే దివంగతురాలయ్యెను. దుఃఖభారముతోనున్న ఆ దినములలోనే బూత్ రచించిన గ్రంథము ప్రకటింపబడెను. ఇంగ్లండు ప్రజలలో పదియవవంతు, అనగా ముప్పదిలక్షలమంది, దారిద్ర్యమున మునిగియున్నారని ఆయన అంచనా వేసెను. లండను వీధులలో బండిగుఱ్ఱము పడిపోయినచో, అది తన తప్పువలన పడెనా, పరుల తప్పువలన పడెనా యని విచారింపక లేవనెత్తుదురనియు, బ్రదికియున్నంతకాలము దానికి మేతయు, కొట్టమును, పనియు కలవనియు చెప్పి, మనుజునకు గుఱ్ఱమునకున్నపాటి హక్కైనను ఉండవలదా యని ఆయన దేశమును ప్రశ్నించెను. మొదట పట్టణములో ఆశ్రయమును పనియు, పిదప పల్లెలో వ్యవసాయము, కడపట సముద్రముల కావల క్రొత్తజీవనము అని మూడుమెట్ల పథకము నా గ్రంథమున వివరించెను.

ఈ కార్యమునకు ఆయన లక్ష పౌనులు కోరగా, కొలదినెలలలోనే అంతకుమించిన మొత్తము చేరెను. ఆక్షేపణలును అంత త్వరగానే బయలుదేరెను. ప్రఖ్యాతశాస్త్రవేత్త థామస్ హక్స్లీ పత్రికలలో లేఖలు ప్రకటించి, ఒక్కని చేతిలో నింత ధనమును, ఇంత యధికారమును ఉంచుట ప్రమాదకరమని వాదించెను. ధనము దారితప్పుచున్నదని యనుమానించినవారును కలరు. 1892 లో బయటి పెద్దమనుష్యుల సంఘ మొకటి లెక్కలు పరీక్షించి, ధనము చెప్పిన కార్యములకే వెచ్చింపబడినదని తేల్చెను. పరులసొమ్ముతో పరోపకారము చేయువాడు పరీక్షకు వెరవరాదు.

1891 లో ఎసెక్స్ మండలమందలి హాడ్లీలో పొలములు కొని, పట్టణపు శాలలనుండి పంపబడినవారికి సేద్యము, పశుపోషణ, ఇటుకల పని నేర్పించిరి. ఆ సంవత్సరమే లండనులో నొక అగ్గిపెట్టెల కర్మశాల స్థాపింపబడెను. ఇతర కర్మశాలలలో వాడు తెల్లభాస్వరము పనివారి దవడయెముకలను కుళ్లింపజేయుచుండగా, ఇచ్చట హానిలేని ఎఱ్ఱభాస్వరమునే వాడి, కూలియు హెచ్చుగా నిచ్చిరి. పది సంవత్సరములకు ఈ కర్మశాల మూతపడెను. కాని తెల్లభాస్వరమును నిషేధించు చట్టము 1908 లో వచ్చెను.

ఈ సేవ మనదేశమునకును వచ్చెను. 1882 లో ఫ్రెడరిక్ టక్కర్ అను పూర్వపు సివిల్ సర్వీసు ఉద్యోగి సైన్యపు తొలి బృందముతో బొంబాయిలో దిగెను. బూత్ తానును మనదేశమును దర్శించెను. ఆయన యనంతరము, నేరజాతుల చట్టము క్రింద ఎరుకల కుటుంబములను కాపురముంచి, రక్షణసైన్యమువారి పాలనకు ప్రభుత్వము అప్పగించిన స్థలములలో నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపుర మొకటి. అచ్చట పొలమును, బడియు దొరకెను గాని, స్వేచ్ఛగా వచ్చి పోవు హక్కు లేకపోయెను. పుట్టుకతోడనే నేరస్థుడను ముద్ర పడెను. ఆ చట్టము 1952 లో దేశమంతట రద్దయినను ఆ ముద్ర చాలకాలము వారిని వెన్నాడెను. లైమ్‌హౌస్‌లోని తలుపు తనంతట వచ్చినవానికై తెరచినది. ఇచ్చటి తలుపు బయటనుండి గడియ వేసినది. ఆశ్రయమునకును నిర్బంధమునకును గల భేదము దీనివలన స్పష్టమగుచున్నది.

వృద్ధాప్యమునందును బూత్ విశ్రమింపలేదు. 1904 మొదలు మోటారుబండిపై ఊరూర తిరిగి బోధించెను. 1905 లో లండను నగరము ఆయనకు పౌరగౌరవ మొసగెను. 1907 లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము గౌరవపట్టము నిచ్చెను. పదుమూడేండ్లకే పని కెక్కిన తాకట్టు దుకాణపు బాలునకు ఇది సామాన్యమైన సన్మానము కాదు. కడపట కంటిచూపు పోయినను ధైర్యము విడువక, 1912 ఆగస్టు 20 వ తేదీని పరమపదించెను. లండనులో ఆయన భౌతికకాయమును దర్శించుటకు లక్షమందికి పైగా వచ్చిరి. ఆబ్నీ పార్కు శ్మశానవాటికలో భార్య సమాధి చెంతనే ఆయనను సమాధి చేసిరి.

ప్రియ విద్యార్థులారా! మన యూళ్ల రైలుస్టేషనులలోను, బస్సుల నిలయములలోను, దుకాణపు మెట్లమీదను ఇల్లులేనివారు నేటికిని కానవచ్చుచున్నారు. అన్నము పెట్టుట పుణ్యకార్యమే. మన పూర్వులు సత్రములు కట్టించి దానిని చక్కగా నెరవేర్చిరి. కాని సత్రము దాటిన యన్నార్తుడు ఎచ్చటికి పోవునని గూడ తలపవలెను. పగలు కూర్చుండుటకు చోటు, స్నానమునకు నీరు, చేతికి పని, ఉత్తరము వచ్చుటకు చిరునామా, పేరుపెట్టి పిలుచు మనుష్యుడు: ఇవి దొరకినవాడు తన యింటిని తానే మరల కట్టుకొనగలడు. అట్టి తలుపు తెరచువారిలో మీరును ఒకరు కావలెనని మా కోరిక.