బోదకాలు మాత్ర కనిపెట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు

మన హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ నులిపురుగుల మాత్ర గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక వరుసలో నిలబెట్టి, చేతిలో పెట్టి, ఎదురుగానే నమిలి మింగమనేవారు. తొమ్మిదో తరగతిలో ఉండగా నేను దాన్ని నాలుక కింద దాచి, గది వెనక కిటికీ దగ్గర ఉమ్మేశాను. నాకు ఏ జబ్బూ లేదు, నాకెందుకు మందు అన్నది అప్పటి నా వాదన. ఆ మాత్రేదో ఒంట్లో బాగాలేనివాడికి ఇస్తే పుణ్యం కదా అని కూడా అనుకున్నాను. ఆ వాదనలో తప్పెక్కడుందో పీజీలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివినప్పుడు తెలిసింది. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన మీద ఒక బిట్ ఉంటుంది. బట్టీ పట్టి, జవాబు గుర్తుపెట్టి వదిలేస్తాం. అందుకే ఈ సంచికలో ఆయన గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో నాలుగోవాడు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే మానుకోవడంతో ఇంట్లో తిండికే కటకటగా ఉండేది. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంటి నుంచి పారిపోయాడు. తల్లి వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో వేసింది. చదువు కోసం ఆమె ఒంటిమీది నగలు కూడా అమ్మిందని చెబుతారు. అంత చేసినా కుర్రవాడు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యాడు. ఫెయిలైన మార్కుల జాబితా పట్టుకుని ఇంటికి వెళ్లడం ఎలా ఉంటుందో మనలో కొందరికి తెలుసు. అలాంటివాళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక సన్యాసం తీసుకోవాలనుకున్నాడు. రామకృష్ణ మఠం వారు వైద్యం చదివి సేవ చెయ్యమని దారి మళ్లించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఆ చదువు మిత్రుల సాయంతోనూ, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతోనూ సాగింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు వేసుకుని సర్జరీ క్లాసుకు వెళ్లడం ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ మాత్రమే చేతికి వచ్చింది. ఆ పట్టాతో మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఇక్కడే ఆయన జీవితంలో పెద్ద దెబ్బ తగిలింది. అన్నగారు, తమ్ముడు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలు ఆగక, రక్తం తరిగిపోయి మనిషి క్షీణించే జబ్బు అది. అదే జబ్బు ఆయనకూ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఎందుకు వచ్చిందో, ఎందుకు తగ్గిందో మాత్రం ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవాలన్న పట్టుదలతోనే అమెరికా వెళ్లాలనుకున్నారు.

వెళ్లడానికి డబ్బు? ఈ భాగం దగ్గర నేను చాలాసేపు ఆగాను. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఉంది. బర్మాకు వలస వెళ్లి, వ్యాపారంలో సంపాదించి, ఆ ఆస్తిని ధర్మానికి రాసిన తెలుగువాడు సత్యలింగం నాయకర్. ఆ సంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగిలింది మామగారు పోగుచేశారు. ఆ సంస్థ వారి ముందు నిలబడ్డ మనిషిని ఒకసారి ఊహించండి. మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు, పూర్తి డిగ్రీ లేనివాడు, జబ్బు పడి లేచినవాడు. ఆ రోజుల్లో అదే డబ్బుతో కాకినాడలో ఎంతమందికి అన్నం పెట్టవచ్చో ఎవరైనా లెక్క వేసి చూపించగలరు. పరిశోధనకు ఇచ్చే దానంలో ఉన్న కష్టం ఇదే. పెట్టిన అన్నం సాయంత్రానికి కనపడుతుంది. చదువుకు పంపినవాడు ఏం తెస్తాడో పాతికేళ్ల దాకా తెలియదు. వాళ్లు ఏం ఆలోచించి మాట ఇచ్చారో గాని, ఇచ్చారు.

1920ల మొదట్లో ఆయన బోస్టన్‌లో దిగారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ దేశానికి రాలేదు, ఆమెను చూడలేదు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఈ విషయాన్ని చాలామంది ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకైతే దాటబుద్ధి కాదు, ఎందుకంటే ఆ చదువు ఖరీదులో ఆమె వాటా కూడా ఉంది. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు తీసి కడిగే పని చేశారు. తరువాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరు బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఇప్పటికీ తెలుసు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తరువాత 1929లో ఏటీపీ బయటపడ్డాయి. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి పరిశోధనకు నాయకత్వం వహించారు.

లెడర్లీలో ఉన్న ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసిన పని చూస్తే ఒక్క మనిషి జీవితంలో ఇన్ని పడతాయా అనిపిస్తుంది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. కొద్దికాలంలోనే అది స్ప్రూ రోగులను లేపి కూర్చోబెట్టింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు ఆయన చేతుల్లోనే తయారైంది. అదే ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన విరుగుడు పదార్థాలతో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల మీద తొలిసారి ఫలితం చూపించారు. మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ కూడా అక్కడి నుంచే వచ్చింది. నోబెల్ రాలేదన్న బాధ మనవాళ్లకు ఉంది. నేను ఆ చర్చలోకి పోను. నాకు కావలసింది బోదకాలు మందు.

బోదకాలు దోమకాటుతో వస్తుంది. మన కోస్తాలో, ముఖ్యంగా గోదావరి జిల్లాల్లో, కాలు ఏనుగు కాలంత వాచిన ముసలివాళ్లను చూడనివారు ఉండరు. దారం లాంటి పురుగులు శోషరస నాళాల్లో చేరి, వాటి పిల్లలు రక్తంలో తిరుగుతాయి. విచిత్రం ఏమిటంటే ఆ పిల్ల పురుగులు ఎక్కువగా రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి పొద్దుపోయాక వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ జబ్బు సోకడంతో మందు కోసం వెతుకులాట మొదలైంది. లెడర్లీలో పురుగులు సోకిన ఎలుకల మీద రసాయనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, చివరికి డైఇథైల్‌కార్బమజైన్ అనే మందును పట్టుకున్నారు. క్లుప్తంగా డీఈసీ, అమ్మకపు పేరు హెట్రజాన్. 1947లో ప్రకటించారు. రక్తంలోని పిల్ల పురుగులను అది ఊడ్చేసేది. మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి చనిపోయారు.

జీవితచరిత్ర ఇక్కడ ముగియాలి. కానీ ఆయన మాత్ర కథ ఇక్కడే మొదలైంది, అందులోనే మనం తెలుసుకోవలసింది ఉంది.

మందు దొరికింది, చవకది, నోటితో మింగేది. జబ్బు మాత్రం యాభై ఏళ్లు అలాగే ఉంది. కారణం ఏమిటి? వాచిన కాలును చూసి జాలిపడి ఆ మనిషికి మాత్ర ఇస్తే ఆ వాపు పోదు. అప్పటికే నాళాలు దెబ్బతిని ఉంటాయి. ఆ మనిషికి కావలసింది రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టుకుని, పుండ్లు పడకుండా చూసుకునే సాయం. మాత్ర పడవలసింది ఏ వాపూ లేకుండా, రక్తంలో పురుగులతో హాయిగా తిరుగుతున్న పక్కింటివాడికి. అతన్ని కుట్టిన దోమే ఇంకొకరికి అంటిస్తుంది. అతను ఎవరో చూస్తే తెలియదు కాబట్టి ఊరంతా మింగాలి. మన దేశంలో 1955లో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు ఊరంతటికీ మందు ఇచ్చి చూశారు. వరుసగా కొన్ని రోజులు మింగమన్నారు. పురుగులు చస్తున్నప్పుడు వచ్చే జ్వరం, తలనొప్పి చూసి జనం భయపడి మానేశారు. ఆ ప్రయత్నం నిలవలేదు. ఒంట్లో బాగున్నవాడికి మందిచ్చి జ్వరం తెప్పిస్తే ఎవరు మాత్రం మింగుతారు?

1990ల్లో పరిశోధకులు ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. పన్నెండు రోజులు ఇచ్చే మందును ఏడాదికి ఒకే ఒక్కసారి ఇస్తే ఏమవుతుంది? పోల్చి చూస్తే, ఏడాది తిరిగేసరికి రక్తంలో పురుగులు తగ్గడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఆ ఒక్క ఫలితం మొత్తం లెక్కను మార్చేసింది. పన్నెండు రోజులు ఇంటింటికీ తిరగడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు, ఒక్క రోజు సాధ్యమే. దీనికి ఆల్బెండజోల్ జతచేశారు. నేను కిటికీ వెనక ఉమ్మేసినది ఆ మాత్రే. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశంలో 2004 నుంచి ఏటా ఊరంతటికీ మాత్రలు పంచడం మొదలైంది. ప్రతి ఊళ్లో కనీసం 65 శాతం జనం మింగాలి, అదీ వరుసగా ఐదేళ్లు, అన్న లెక్క కూడా పరిశోధన నుంచే వచ్చింది. పంచిన మాత్రలన్నీ కడుపులోకి వెళ్లవనీ, ఇంటి గూట్లో దుమ్ము పడతాయనీ సర్వేల్లో తేలాక, చేతికిచ్చి వెళ్లిపోకుండా ఎదురుగా మింగించమన్నారు. హాస్టల్లో మనల్ని వరుసలో నిలబెట్టింది ఊరికే కాదన్నమాట.

దానం చేసే కంపెనీలకు కూడా పరిశోధన దారి చూపించింది, ఒక్కోచోట అడ్డమూ చెప్పింది. ఆఫ్రికాలో నది ఒడ్డు అంధత్వం అనే మరో పురుగు జబ్బు ఉంది. అది ఉన్నవాళ్లకు డీఈసీ ఇస్తే కళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. మంచి మనసుతో ఓడ నిండా డీఈసీ పంపినా అక్కడ కీడే జరుగుతుంది. అందుకని ఆ దేశాలకు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌ను ఆల్బెండజోల్‌తో కలిపి వాడారు. డీఈసీ అవసరమైన దేశాల కోసం ఐసై అనే జపాన్ కంపెనీ 2012లో లండన్ ప్రకటన సందర్భంగా 220 కోట్ల మాత్రలు ఉచితంగా ఇస్తామని మాట ఇచ్చింది. ఆ మాత్రలు తయారయ్యేది ఎక్కడో చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. మన విశాఖపట్నంలో! భీమవరం కుర్రాడు పెర్ల్ రివర్‌లో కనిపెట్టిన మందు మళ్లీ మన తీరానికే వచ్చి, ఇక్కడి నుంచి పేద దేశాలకు వెళ్తోంది. 2000 నుంచి 2018 మధ్య ప్రపంచంలో ఈ జబ్బు సోకినవారు 74 శాతం తగ్గారు. శ్రీలంక 2016లో, థాయిలాండ్ 2017లో, బంగ్లాదేశ్ 2023లో దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసుకున్నాయి. మన దేశం 2027ను గడువుగా పెట్టుకుంది. మనకంటే చిన్న దేశాలు ముందు గట్టెక్కడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

దానం మన ప్రాంతానికి కొత్త కాదు. విజయపురి సౌత్‌లో లాంచి ఎక్కి నాగార్జునకొండకు వెళ్తే, ఇక్ష్వాకుల కాలపు రాణులు, ఉపాసికలు చేసిన దానాలు శాసనాల్లో కనిపిస్తాయి. జ్వరం వచ్చినవారు కోలుకునే విగతజ్వరాలయం ప్రస్తావన కూడా అక్కడి శాసనంలో ఉంది. ఎవరు ఏమిచ్చారో రాళ్ల మీద శ్రద్ధగా చెక్కారు. ఇచ్చింది ఎంతమందికి పనికొచ్చిందో లెక్క చూసుకునే అలవాటు మాత్రం చాలా తరువాత వచ్చింది. సుబ్బారావు గారు ఫాస్ఫరస్ కొలత దగ్గర మొదలుపెట్టిన మనిషి. తన మాత్రను ఊరూరా ఇలా కొలుచుకుంటూ పంచడం చూసి ఉంటే ఆయన సంతోషించేవారని నా ఊహ.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట. ఈసారి మాత్రల రోజున ఎవరైనా నాలుక కింద దాచుకుంటే, ఆ కిటికీ వెనక చోటు నాకు బాగా తెలుసు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వెళ్లి చూస్తాను.