హోమ్స్‌ను చంపినా... పాఠకులు వదల్లేదు!

చేతిలో డాక్టర్ పట్టా ఉంది. లండన్‌లో కంటి వైద్యుడిగా గది తీసుకుని కూర్చుంటే ఒక్క పేషెంటూ రాలేదు. 1891లో ఆర్థర్ కానన్ డాయిల్ పరిస్థితి ఇది. ఆ ఖాళీ టైంలో ఏం చేశారో తెలుసా? షెర్లాక్ హోమ్స్ కథలు రాశారు.

డాయిల్ 1859లో ఎడిన్‌బరోలో పుట్టారు. అక్కడే మెడిసిన్ చదివారు. రోగిని చూడగానే అతడి వృత్తేంటో చెప్పేసే ప్రొఫెసర్ జోసెఫ్ బెల్ దగ్గర పనిచేశారు. హోమ్స్ పాత్రకు ఆ గురువే ప్రేరణ. 1882లో సౌత్‌సీలో ప్రాక్టీస్ పెడితే మొదట్లో రాబడి అంతంతమాత్రం. 1887లో అచ్చయిన తొలి హోమ్స్ నవలకు మొత్తం హక్కులన్నీ కలిపి చేతికొచ్చింది 25 పౌండ్లే! 1891లో స్ట్రాండ్ పత్రికలో చిన్న కథలు మొదలయ్యాకే ఆయన దశ తిరిగింది.

కానీ డాయిల్ మనసంతా చారిత్రక నవలల మీద. హోమ్స్ వల్ల వాటిని ఎవరూ పట్టించుకోవట్లేదని విసిగిపోయి, 1893లో స్విట్జర్లాండ్ జలపాతం దగ్గర హీరో కథ ముగించేశారు. పాఠకులు ఊరుకుంటారా? తిడుతూ ఉత్తరాలు రాశారు, చాలామంది పత్రిక కొనడం మానేశారు. చివరికి 1903లో, అసలు హోమ్స్ లోయలో పడనే లేదంటూ డాయిల్ అతడిని వెనక్కి తెచ్చారు.

అప్పుడైనా అభిమానులు చప్పట్లు కొట్టి ఊరుకున్నారా? లేదు. ఒక పడవవాడు డాయిల్ ముఖం మీదే చెప్పాడట, హోమ్స్ అప్పుడు చావకపోయినా మళ్లీ మునుపటి మనిషి కాలేదని! ఇంకొందరు కథల్ని జల్లెడ పట్టారు. వాట్సన్‌కి తుపాకి గుండు తగిలింది మొదటి నవలలో భుజానికి, రెండో నవలలో కాలికి. పేరు జాన్ అయితే, ఒక కథలో భార్య అతడిని జేమ్స్ అని పిలుస్తుంది. గుర్రప్పందేల కథ ఒకటి రాస్తే, రేసుల గురించి తెలిసినవాళ్లు దాన్ని ఉతికి ఆరేశారు. ఆ విషయంలో తనకేమీ తెలియదని డాయిల్ ఒప్పేసుకున్నారు.

1911లో రొనాల్డ్ నాక్స్ అనే 23 ఏళ్ల కుర్రాడు ఆక్స్‌ఫర్డ్‌లో ఏకంగా ఒక వ్యాసమే చదివాడు. పండితులు మత గ్రంథాల్ని పరిశోధించే పద్ధతిలోనే హోమ్స్ కథల్ని సరదాగా పరీక్షించాడు. తిరిగొచ్చాక రాసిన కథలు నిజమైనవేనా అన్న అనుమానమూ లేవనెత్తాడు. డాయిల్ కోప్పడలేదు. ఈ కథల గురించి తనకంటే అతడికే ఎక్కువ తెలుసని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

డాయిల్ 1930లో చనిపోయారు. మొత్తం 56 చిన్న కథలు, 4 హోమ్స్ నవలలు మిగిలాయి. నాలుగేళ్లకే న్యూయార్క్‌లో అభిమానుల సంఘం పుట్టింది. హోమ్స్, వాట్సన్ నిజంగా బతికిన మనుషులే అనుకుని, కథల్లో అతకని చోట్లకు కారణాలు వెతకడం వీళ్ల ఆట. జేమ్స్ చిక్కుముడిని రచయిత్రి డొరొతీ సేయర్స్ విప్పిన తీరు చూడండి. వాట్సన్ పేరు మధ్యలో 'హెచ్' అనే అక్షరం ఉంది. అది హేమిష్ అయ్యుంటుందని, స్కాట్లాండ్‌లో జేమ్స్‌కి అదే మరో రూపమని ఆవిడ తేల్చారు!

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే వీళ్లు బగ్ చూపించి వెళ్లిపోలేదు, ఫిక్స్ కూడా రాశారు. పుస్తకం మీద ఇష్టం లేనివాడు భుజమా, కాలా అని రెండు నవలలూ తిరగేయడు కదా.

ఇంటర్వ్యూలో మీకు నచ్చిన యాప్ ఏదని అడిగితే 'సూపర్‌గా ఉంటుందండీ' అని ఆగిపోకండి. అందులో ఎక్కడ అతకలేదో, మీరైతే ఎలా సరిచేస్తారో కూడా చెప్పండి. ఈ రాత్రికే మీకు ప్రాణమైన సినిమానో, నవలనో తీసుకుని ఒక పేజీ రాసి చూడండి. ప్రాక్టీస్‌కి అంతకంటే మంచి సిలబస్ దొరకదు.