డెబ్బై వేల డాలర్ల నమ్మకం

ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు లేకపోతే మేముంటున్న దమ్మామ్ ఇంత నగరం అయ్యేది కాదు. 1954లో అమెరికాకు చెందిన అయానిక్స్ అనే చిన్న కంపెనీ, అలాంటి తన తొలి యంత్రాన్ని సౌదీలోని ఆరామ్‌కోకే అమ్మింది. ఆ కంపెనీ పసిగుడ్డుగా ఉన్నప్పుడు పెట్టుబడి పెట్టి నిలబెట్టిన సంస్థకు సారథి జార్జ్ డోరియో. వెంచర్ క్యాపిటల్‌కు ఆద్యుడు అని ఆయనకు పేరు. మన ఇళ్లలో పిల్లలు స్టార్టప్ మాట ఎత్తుతున్న ఈ రోజుల్లో ఆయన జీవితం మనకు పనికొస్తుందని నాకనిపించింది.

డోరియో 1899లో పారిస్‌లో పుట్టారు. తండ్రి ప్యూజో కార్ల కంపెనీలో తొలితరం ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి ఫిరంగి దళంలో పనిచేసిన డోరియో, 1921లో చదువు కోసం అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో 1966 వరకు పాఠాలు చెప్పారు. 1940లో అమెరికా పౌరుడయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్లు, దుస్తులు, ఆహారం మెరుగుపరిచే విభాగాన్ని నడిపి బ్రిగేడియర్ జనరల్ అయ్యారు.

యుద్ధం ముగిశాక ప్రయోగశాలల్లో కొత్త ఆలోచనలు బోలెడున్నాయి, డబ్బు మాత్రం లేదు. బ్యాంకులు తాకట్టు అడిగేవి. కోటీశ్వరుల కుటుంబాలతో పరిచయం ఉంటే తప్ప వేరే దారి ఉండేది కాదు. అందుకే ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్, రాల్ఫ్ ఫ్లాండర్స్ వంటి వారితో కలిసి 1946లో అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ సంస్థ పెట్టారు. మామూలు జనం కూడా దాని షేర్లు కొనవచ్చు. 50 లక్షల డాలర్లు సేకరించాలనుకుంటే సుమారు 35 లక్షలే వచ్చాయి.

1957లో ఎంఐటీ ల్యాబ్ నుంచి కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు యువ ఇంజనీర్లు వచ్చారు. కంప్యూటర్ల మీద పెద్ద కంపెనీలే నష్టపోతున్న కాలమది. అందుకే పెట్టుబడి పత్రంలో కంప్యూటర్ అనే మాట రాయొద్దని సంస్థవాళ్లు వారికి సలహా ఇచ్చారు. పెద్ద వాటా తీసుకుని 70 వేల డాలర్లు ఇచ్చారు. అదే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. 1965లో వచ్చిన పీడీపీ-8తో ఆ కంపెనీ పేరు మారుమోగింది. 1970ల మొదటికి ఆ వాటా విలువ సుమారు 35 కోట్ల డాలర్లు. డోరియో పెట్టుబడులన్నీ ఇలా ఫలించలేదు. కొన్ని మునిగాయి, చాలావి ఓ మోస్తరుగా నడిచాయి. ఒక్కటి మిగతా అన్నిటి లోటూ తీర్చింది.

ఆయన ఆలోచన కంటే ముందు మనిషిని చూసేవారు. డబ్బిచ్చి ఊరుకోకుండా సమయమూ ఇచ్చేవారు. లాభం కనిపించగానే అమ్ముకునేవారు కాదు. అయితే సంస్థ షేర్ మార్కెట్లో ఉండటంతో అక్కడ కష్టపడిన ఉద్యోగులకు లాభంలో సరైన వాటా దక్కేది కాదు. అలా 1965లో బయటికి వెళ్లిన బిల్ ఎల్ఫర్స్, భాగస్వామ్య పద్ధతిలో గ్రేలాక్ స్థాపించారు. నేటి వెంచర్ ఫండ్లు ఎక్కువగా ఆ దారివే. 1972లో డోరియో సంస్థ టెక్స్‌ట్రాన్‌లో కలిసిపోయింది. 1957లో ఫ్రాన్స్‌లో ఇన్‌సియాడ్ బిజినెస్ స్కూల్ ఏర్పాటుకూ ఆయనే చొరవ తీసుకున్నారు. 1987లో కన్నుమూశారు.

మనకు తెలిసిన అప్పు ప్రామిసరీ నోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ. వ్యాపారం మునిగినా అప్పు మునగదు, చుట్టరికాలు మాత్రం మునుగుతాయి. డోరియో పద్ధతి వేరు. మునిగితే ఇద్దరికీ పోతుంది, తేలితే ఇద్దరికీ వస్తుంది.

నిరుడు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, మందుల షాపులకు సాఫ్ట్‌వేర్ చేస్తున్న మా మేనల్లుడు నన్ను సాయం అడిగాడు. ఇక్కడ మనకు పెన్షన్ లేదు, ఇఖామా ఉన్నన్నాళ్లే జీతం. నేనూ మా ఆవిడా కూర్చుని లెక్క వేసుకున్నాం. అమ్మాయి చదువు డబ్బూ, తిరిగి వెళ్లాక బతకడానికి దాచిందీ పక్కన పెట్టాం. మిగిలిన దాంట్లో, పోయినా మేం తట్టుకోగలిగినంతే ఇచ్చాం. నోటు రాయించుకోలేదు, కంపెనీలో వాటా రాయించుకున్నాం. ప్రతి శుక్రవారం వాడితో గంటసేపు లెక్కలు చూస్తున్నాను. ఇప్పటికి పదకొండు షాపులు చేరాయి. నెగ్గుతాడో లేదో చెప్పలేను. ఏమైనా పండక్కి మా అక్క ఇంటికి మొహమాటం లేకుండా వెళ్లగలను.